సెకనుకు 22 ఫ్రేములు: మూకీల జ్ఞాపకం

తెర వెనక ఒక బోర్డు. దయచేసి తెర వెనక మాట్లాడవద్దని దాని మీద రాసి ఉంటుంది. కాలం 1927. హాలు కిటకిటలాడుతోంది. తెర ముందు వాద్యబృందం వాయిస్తోంది, తెర మీద బొమ్మ ఆడుతోంది. ఆ బొమ్మలోని హీరో జార్జ్ వాలెంటిన్ తెరకు అవతలి వైపు నిలబడి జనం ఏమంటారోనని చూస్తున్నాడు. బొమ్మ అయిపోయింది. సంగీతం ఆగింది. మన చెవులకు ఏమీ వినపడదు. ఒక్క క్షణం గుండె ఆగినంత పనవుతుంది. అతని ముఖం విచ్చుకున్నాక గానీ, హాలంతా చప్పట్లతో మోగిపోతోందని మనకు తెలియదు. చప్పట్లను కంటితో వినడం మూకీల కాలపు ప్రేక్షకుడికి వచ్చిన విద్య. మాటలు వచ్చి ఎనభై ఏళ్లు దాటాక, 2011లో వచ్చిన 'ది ఆర్టిస్ట్' ఆ విద్యను మొదటి కొద్ది నిమిషాల్లోనే మనకు తిరిగి నేర్పింది.

ఫ్రెంచి దర్శకుడు మిషెల్ హజనావిసియస్ దాన్ని లాస్ ఏంజెలెస్‌లో 35 రోజుల్లో తీశాడు. నిడివి 100 నిమిషాలు. జాన్ దుజార్దాన్ హీరో, బెరెనీస్ బెజో హీరోయిన్, గియోమ్ షిఫ్మాన్ ఛాయాగ్రహణం, లుడొవిక్ బూర్స్ సంగీతం. పది ఆస్కార్ నామినేషన్లు, ఐదు ఆస్కార్లు. కథ తెలిసిందే: మూకీల మహారాజు మాటల సినిమా రాగానే కూలిపోతాడు, అతను చేయందించిన పిల్ల పెప్పీ మిల్లర్ పైకి ఎదుగుతుంది. కథ కోసం ఈ సినిమాను తలుచుకునేవాళ్లు తక్కువే. పోయిన పనితనాన్ని కొలతలతో సహా మళ్లీ కట్టి చూపించారు కనక తలుచుకుంటాం. ఆ కొలతలు ఎక్కడ సరిపోయాయో, ఎక్కడ తప్పాయో చెప్పుకుంటే మూకీల రోజులు కళ్ల ముందు కదులుతాయి.

అన్నిటికన్నా ముందు వేగం. మూకీ అనగానే చాలామంది తలలో మెదిలేది కోడిపిల్లల్లా టకటకా పరుగెత్తే మనుషులు. ఆ కాలపు ప్రేక్షకుడు చూసింది అది కాదు. మూకీల కెమెరాకు పక్కన పిడి ఉండేది. పిడి ఒక చుట్టు తిప్పితే ఫిల్ము ఎనిమిది ఫ్రేములు, అంటే ఎనిమిది నిశ్చల చిత్రాలు, జరుగుతుంది. సెకనుకు రెండు చుట్లు, అంటే 16 ఫ్రేములు. కెమెరామన్ లోలోపల ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ ఆ లయ తప్పకుండా తిప్పేవాడు. చెయ్యి అలిసి నెమ్మదిస్తే రెండు నష్టాలు. తెర మీద మనుషుల వేగం పెరుగుతుంది, ఒక్కో ఫ్రేముకు వెలుతురు ఎక్కువ సేపు తగిలి బొమ్మ తెల్లబడుతుంది. అందుకే పాత నెగెటివుల్లో ఒకే షాటు మధ్యలో వెలుగు ఊగిసలాడుతూ కనిపిస్తుంది. అది కెమెరామన్ భుజం నొప్పి. ఫిల్ము మీద అచ్చుపడి ఉండిపోయింది.

16 ఫ్రేముల వేగంతో తీసినదాన్ని మాటల సినిమాల 24 ఫ్రేముల ప్రొజెక్టర్‌లో వేస్తే నిమిషం పట్టాల్సిన పని 40 సెకన్లలో అయిపోతుంది. కోడిపిల్లల పరుగు పుట్టింది అక్కడే. తప్పు మూకీది కాదు, దాన్ని తరవాత చూపించినవాళ్లది. అయితే మూకీల రోజుల్లో కూడా తీసిన వేగంతోనే ఆడించేవాళ్లని అనుకోకూడదు. 1920ల్లో హాళ్లలో బొమ్మను తీసినదానికన్నా కొంచెం చురుగ్గా ఆడించడం మామూలు. వెయ్యడుగుల రీలు ఎన్ని నిమిషాల్లో పూర్తి కావాలో పంపిణీదారులు కాగితం మీద రాసి పంపేవారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు కనక లెక్క సులువు. 16 ఫ్రేముల వేగంలో వెయ్యడుగులు 16 నిమిషాల 40 సెకన్లు ఆడతాయి, 24లో 11 నిమిషాల 7 సెకన్లు.

అంటే ఆ రోజుల బొమ్మకు సహజం కన్నా ఓ పిసరు ఎక్కువ ఊపు ఉండేది. నడకలో పొగరు, నవ్వులో మెరుపు అక్కడి నుంచే వచ్చాయి. హజనావిసియస్ పట్టుకున్నది ఈ పిసరునే. సెకనుకు 22 ఫ్రేముల చొప్పున తీసి 24తో చూపించాడు. నిమిషం నటన 55 సెకన్లలో తెర మీద పడుతుంది. చూసేవాడు ఇది తేడా అని గుర్తుపట్టలేడు, కానీ ఒళ్లు గుర్తుపడుతుంది. 18తో తీసి ఉంటే నవ్వులాట అయ్యేది, 24తో తీసి ఉంటే నలుపు తెలుపులో ఉన్న మామూలు సినిమా అయ్యేది. ఇంత చిన్న తేడా మీద ఇంత పెద్ద సినిమాను నిలబెట్టడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇలా తియ్యాలని సరదా పడేవాళ్లు కొన్ని సంగతులు దగ్గర పెట్టుకోవాలి. 22 ఫ్రేముల్లో షట్టర్ (వెలుతురును మూస్తూ తెరుస్తూ తిరిగే రెక్క) సగం తెరిచి ఉంటే ఒక్కో ఫ్రేముకు సెకనులో 44వ వంతు వెలుతురు తగులుతుంది. 24లో అది 48వ వంతు. తేడా స్టాపులో (కెమెరామన్లు వెలుతురును కొలిచే మెట్టులో) ఎనిమిదో వంతు, పట్టించుకోనక్కర లేదు. దీపాలతోనే అసలు చిక్కు. కరెంటు సెకనుకు 60 సైకిళ్లదైతే (60 హెర్ట్జ్) కొన్ని రకాల దీపాలు సెకనుకు 120 సార్లు మినుకుతాయి. 120ని 24తో భాగిస్తే సరిగ్గా ఐదు, 20తో భాగిస్తే ఆరు. 22తో మాత్రం నిశ్శేషంగా పోదు. ఒక ఫ్రేముకు ఎక్కువ వెలుగు, మరో ఫ్రేముకు తక్కువ వెలుగు పడి తెర మీద అల కదిలినట్టు కనిపిస్తుంది. 50 సైకిళ్ల కరెంటులోనూ ఇదే గొడవ. ఫిలమెంటు వేడెక్కి వెలిగే పెద్ద టంగ్‌స్టన్ దీపాలు వాడితే ఆ భయం దాదాపు ఉండదు, లేకపోతే మినుకు లేని ఎలక్ట్రానిక్ బ్యాలస్టులు పెట్టుకోవాలి. ఇక నటులకు వేగం గురించి చెప్పకపోవడమే మంచిది. చెబితే వాళ్లే తొందరపడతారు. అప్పుడు ఊపు రెండింతలై బొమ్మ చెడుతుంది.

మినుకు మాట వచ్చింది కాబట్టి ప్రొజెక్టర్ సంగతి కూడా. 16 ఫ్రేములు 16 సార్లే వెలిగి ఆరితే కళ్లు నొప్పెడతాయి. అందుకని షట్టర్‌కు మూడు రెక్కలు పెట్టి ఒక్కో ఫ్రేమును మూడుసార్లు మెరిపించారు, సెకనుకు 48 మెరుపులు. 24కి వచ్చాక రెండు రెక్కలే చాలాయి, అవీ 48 మెరుపులే. మూకీ మినుకుమినుకుమంటుందన్న మాట తొలి రోజుల యంత్రాల గురించి నిజమే. 1920ల మంచి హాలులో మాత్రం బొమ్మ దీపంలా నిలకడగా ఉండేది.

తెర ఆకారం కూడా ఒక జ్ఞాపకమే. మూకీల ఫిల్ములో రంధ్రాల వరసల మధ్య వెడల్పంతా బొమ్మే. ఎత్తుకు 1.33 రెట్లు వెడల్పు. శబ్దపు గీత ఫిల్ము అంచున వచ్చి కూర్చున్నాక బొమ్మ ఓ పక్క నుంచి నొక్కుకుపోయి ఇంచుమించు చదరం అయింది. 1932లో పైనా కిందా కూడా కోసి 1.37 దగ్గర స్థిరపరిచారు. 'ది ఆర్టిస్ట్' కాలం 1927 నుంచి 1932 వరకు, సరిగ్గా ఈ గందరగోళం నడిచిన కాలమే. హజనావిసియస్ 1.33కే కట్టుబడ్డాడు. ఆ చట్రంలో మనిషి నిలువెత్తునా పడతాడు, పక్కన ఖాళీ ఉండదు. ముఖాలకూ, మెట్లకూ, తలుపులకూ అది అనువైన చట్రం. ఇంట్లో వెడల్పు టీవీలో చూస్తే బొమ్మ వెడల్పులో మూడు వంతులే ఆక్రమిస్తుంది, రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగులుతాయి. అవి అలాగే ఉండాలి. జూమ్ నొక్కి తెర నింపితే బొమ్మ ఎత్తులో నాలుగో వంతు పోతుంది. టోపీలూ బూట్లూ కనపడవు. ఈ సినిమాలో ఆ రెండూ నటిస్తాయి! టీవీలో కదలికను నునుపు చేసే అమరిక ఉంటే అదీ ఆపెయ్యాలి. ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని పుట్టించి, 22 ఫ్రేములతో తెచ్చిన ఊపునంతా అది మింగేస్తుంది.

నలుపు తెలుపు దగ్గర కొందరు పేచీ పెట్టారు. కలర్ నెగెటివ్ మీద తీసి రంగులు పిండేసిన సినిమాకు మూకీ అన్న పేరెందుకని. ఆ పేచీ నిలవదు. అప్పట్లో అమ్ముతున్న నలుపు తెలుపు ఫిల్ము టంగ్‌స్టన్ వెలుతురులో 200 వేగానిది, కలర్ ఫిల్ము 500ది. ఇక్కడ వేగమంటే వెలుతురును పట్టే చురుకు. ఎక్కువ వేగం ఉన్న ఫిల్ములో గింజ, అంటే బొమ్మ మీది సన్నటి చుక్కలు, కొంచెం కనపడుతుంది, తక్కువ దీపాలతో పని జరుగుతుంది. పైగా 1927 నాటి నలుపు తెలుపు ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి.

అంతకు ముందు ఏళ్లలో వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనపడదు. ఎర్ర పెదవి నల్లగా పడుతుంది. నీలం ఆకాశం తెల్ల కాగితమైపోతుంది, మబ్బులు మాయమవుతాయి. నీలి కళ్లవాళ్లు గుడ్డివాళ్లలా కనపడతారు. చర్మం కింది ఎరుపు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. మూకీల తారలు ముఖానికి అంత దట్టంగా రంగు పూసుకున్నది డాబు కోసం కాదు. ఫిల్ము గుడ్డితనాన్ని కప్పిపెట్టడానికి. పసుపు కలిసిన లేత రంగు ముఖానికి పూసి, పెదవి ఎరుపును తగ్గించి, కనుబొమ్మలు దిద్దేవారు. అన్ని రంగులూ చూడగల పాన్‌క్రొమాటిక్ ఫిల్ము 1920ల మధ్య నుంచి ధర దిగి స్టూడియోల్లోకి వచ్చింది. దానికి తగ్గ మేకప్‌ను హాలీవుడ్ మేకప్ నిపుణుడు మ్యాక్స్ ఫ్యాక్టర్ 1928లో తెచ్చాడు. కనక 1927 తరవాతి బొమ్మలో బూడిద రంగు మెట్లు చాలా ఉంటాయి, చర్మం చర్మంలాగే ఉంటుంది. 'ది ఆర్టిస్ట్' మెత్తని బూడిద రంగులు కాలానికి సరిపోయినవే. దుస్తులు కుట్టించిన మార్క్ బ్రిడ్జెస్‌కు ఆస్కార్ ఊరికే రాలేదు. రంగు లేని చోట బట్టకు మెరుపూ, నేతా, బరువూ మాత్రమే భాష. ఎర్ర గౌనూ ఆకుపచ్చ గోడా కంటికి ఎంత వేరుగా ఉన్నా, నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిద అయి కలిసిపోవచ్చు. అందుకే బట్ట తెచ్చిన రోజే కెమెరా ముందు పెట్టి చూడాలి, సెట్టు వేశాక కాదు.

నాకు ఒకటే లోటు. రంగు! మూకీలు నలుపు తెలుపులో ఉండేవన్నది సగం నిజం. ఎక్కువ ప్రింట్లను రంగు నీళ్లలో ముంచి తీసేవారు. రాత్రికి నీలం, దీపం వెలిగిన గదికి తేనె రంగు, మంటలకు ఎరుపు. ఒక్కో రంగు ముక్కను విడిగా ముంచి, ఆరబెట్టి, మళ్లీ వరసలో అతికించేవారు. అతుకులు ఎక్కువ కనక ప్రింట్లు తొందరగా తెగేవి కూడా. మాటల సినిమా వచ్చాక ఈ అద్దకాలు శబ్దం చదివే ఫొటోసెల్‌కు అడ్డం పడ్డాయి. 1929లో కొడాక్ కంపెనీ అందుకోసం వేరే రంగు ఫిల్ములు తెచ్చింది గానీ అప్పటికే అలవాటు సన్నగిల్లింది. తరవాత తరాలు చూసింది రంగు ఎక్కించని నకళ్లు. మన జ్ఞాపకంలో మూకీ బూడిదగా మిగలడానికి అదీ కారణం. జార్జ్ ఇంట్లో మంట లేచిన చోట తెర ఎర్రబడి ఉంటే ఎంత బాగుండేదో!

మాటల్ని అచ్చువేసి తెర మీద చూపే టైటిల్ కార్డుల పొదుపు మాత్రం మెచ్చుకోవాలి. కార్డు కత్తిరింపుకు ఒక పద్ధతి ఉంది. నటుడు పెదవి కదిపాడనగా కార్డు పడాలి, కార్డు పోయాక పెదవి చివరి మాట మీద ఉండాలి. చదువు నెమ్మదిగా వచ్చేవాడు కూడా పూర్తి చెయ్యగలిగినంత సేపు కార్డు నిలవాలి, అంతకు మించితే బొమ్మ ఆగిపోయినట్టుంటుంది. మాట అర్థం ముఖంలో తెలిసిపోతే కార్డే అక్కర లేదు. 1924లో జర్మన్ దర్శకుడు ముర్నావ్ 'ది లాస్ట్ లాఫ్' కథంతా మాటల కార్డులు లేకుండానే నడిపాడు. హజనావిసియస్ కూడా పెదవులు ఎంతో మాట్లాడినా కొద్ది మాటలే అచ్చువేశాడు. ఇక 'బ్యాంగ్' అన్న ఒక్క మాట కార్డు! చేతిలో పిస్తోలు, బయట దూసుకొస్తున్న పెప్పీ కారు, మధ్యలో ఆ కార్డు. పేలింది పిస్తోలా, చెట్టును గుద్దుకున్న కారా? శబ్దం ఉన్న సినిమాలో ఈ సందేహం పుట్టించడం కుదరదు. మూకీకి మాత్రమే చేతనైన పని, దాన్ని ఆఖరి ఘట్టానికి దాచిపెట్టుకున్నాడు.

గుండ్రంగా మూసుకుపోయే ఐరిస్, ఒక బొమ్మ మరో బొమ్మలోకి కరిగే మిక్స్, ఇవి ఇప్పుడు మీట నొక్కితే వస్తాయి. అప్పట్లో కెమెరాలోనే, అదే నెగెటివ్ మీదే చెయ్యాలి. మిక్స్ కావాలంటే మొదటి షాటు చివర నాలుగు చుట్లు తిప్పుతూ షట్టర్‌ను మెల్లగా పూర్తిగా మూసెయ్యాలి. నాలుగు చుట్లంటే 32 ఫ్రేములు, రెండు సెకన్లు. లెన్సుకు మూత పెట్టి ఆ నాలుగు చుట్లూ వెనక్కి తిప్పాలి. రెండో షాటు మొదలెట్టి, అవే నాలుగు చుట్లలో షట్టర్‌ను మెల్లగా తెరవాలి. లెక్క ఒక చుట్టు తప్పితే మధ్యలో చీకటి గుంట పడుతుంది, లేదా రెండు బొమ్మలూ ఎక్కువ వెలుగులో ఒకదాని మీద ఒకటి పడి తెల్లారిపోతుంది. రెండు షాట్లూ ఒకే ఫిల్ము మీద ఉన్నాయి కనక రెండూ పోయినట్టే, సెట్టు మళ్లీ వెయ్యాల్సిందే. మూత తియ్యడం మరిచిపోయిన రోజు సంగతి ఇక చెప్పేదేముంది.

ఇన్ని ఇబ్బందుల్లోనూ మూకీల సెట్టుకు ఒక స్వేచ్ఛ ఉండేది. కెమెరా తిరుగుతుండగా దర్శకుడు నోరారా మాట్లాడవచ్చు. ఇప్పుడు తల తిప్పు, ఇప్పుడు ఉత్తరం చదువు, ఇప్పుడు కన్నీళ్లు రానీ, అని చెబుతూ పోవచ్చు. పక్కన ఒకరు వయొలిన్, ఒకరు చిన్న ఆర్గన్ పట్టుకుని నటులకు భావం పట్టుబడేలా వాయించేవారు. 'ది ఆర్టిస్ట్' షూటింగులోనూ పాత సినిమాల సంగీతం వేసి నటింపజేశారు. జార్జ్ కుక్కగా నటించిన అగ్గీ పక్కన శిక్షకుడు పిలిచినా, చిటిక వేసినా సినిమాకు నష్టం లేదు. మాటల సినిమాలో కుక్కకు సైగతోనే చెప్పాలి.

మాటలు వచ్చిన తొలి ఏళ్లలో ఆ స్వేచ్ఛంతా పోయింది. కెమెరా గరగర మైకుకు వినపడుతుందని కెమెరానూ కెమెరామన్‌నూ కలిపి గాలాడని గదిలో పెట్టి తలుపు వేశారు. అంతకు ఏడాది ముందు గాల్లో తేలుతూ తిరిగిన కెమెరా అద్దం వెనక బందీ అయిపోయింది. నిప్పుల్లా బుసకొట్టే కార్బన్ ఆర్క్ దీపాలు కూడా పోయాయి. వాటి తీక్షణతకు నటుల కళ్లు ఎర్రబడి వాచేవి కనక అది మేలే. దర్శకుడు నోరు మూసుకున్నాడు, వయొలిన్ ఇంటికి వెళ్లింది.

హాలులోనూ కష్టమే. 1927 అక్టోబరు 6న, మాటలు వినిపించిన తొలి పూర్తి నిడివి సినిమా 'ది జాజ్ సింగర్' విడుదలైనప్పుడు శబ్దం ఫిల్ము మీద లేదు, 16 అంగుళాల రికార్డు మీద ఉంది. దాని పేరు వైటాఫోన్. నిమిషానికి ముప్పై మూడూ ఒకటి బై మూడు చుట్లు. ఒక రికార్డు ఒక రీలుకు, సుమారు 11 నిమిషాలకు సరిపోతుంది. సూది మామూలు రికార్డులకు తిరగేసి, లోపలి నుంచి బయటికి నడుస్తుంది. ఆపరేటర్ ఫిల్ములో గుర్తు పెట్టిన ఫ్రేమును గేటులో నిలిపి, రికార్డు మీద బాణం గుర్తు దగ్గర సూది పెట్టి, రెంటినీ ఒకే మోటారుతో కదిలించాలి. సూది గెంతిందా, హీరోయిన్ నోట్లోంచి హీరో గొంతు వస్తుంది. ఫిల్ము తెగితే మూకీల రోజుల్లో రెండు ఫ్రేములు కోసి అతికిస్తే సరిపోయేది. ఇప్పుడు పోయిన ఫ్రేములెన్నో లెక్కపెట్టి, అన్ని నల్ల ఫ్రేములు మధ్యలో అతికించాలి. 12 ఫ్రేములు మరిచిపోతే రీలు చివరిదాకా మాట అర సెకను తేడా. రికార్డు సుమారు 20 ఆటలకు అరిగిపోతుంది, ఎన్నిసార్లు వేశారో దాని మీదే గళ్లలో కొట్టేసుకుంటూ పోవాలి. అయినా జనం దాని వెంటే పరుగెత్తారు. జార్జ్ లాంటివాళ్లు ఈ గరగరను చూసి నవ్వి ఊరుకోవడంలో ఆశ్చర్యం లేదు. నిజంగానే మొదట్లో అది మూకీ కన్నా అధ్వాన్నంగా ఉండేది.

జార్జ్ కలగనే ఘట్టం ఆ భయానికి రూపం. డ్రెస్సింగు రూములో గ్లాసు బల్ల మీద పెడితే టక్కున చప్పుడవుతుంది. అరగంట నిశ్శబ్దానికి అలవాటు పడ్డ మన చెవికి ఆ టక్కు దెబ్బలా తగులుతుంది. కుక్క మొరుగుతుంది, ఫోను మోగుతుంది, అమ్మాయిలు నవ్వుతారు, అతనికి మాత్రం గొంతు రాదు. ఆఖరికి నేల మీద పడిన ఈక బాంబులా పేలుతుంది. శబ్దాన్ని ఇంత పొదుపుగా దాచి వాడినవాళ్లు అరుదు. చాప్లిన్ 'సిటీ లైట్స్'ను 1931లో కూడా మాటలు లేకుండానే విడుదల చేశాడు, శబ్దాన్ని ఈల మింగిన మనిషి ఎక్కిళ్లకు వాడుకున్నాడు. ఆ గుణం ఇక్కడ కనిపిస్తుంది.

సంగీతం గురించి రెండు మాటలు. మూకీ హాలులో నిశ్శబ్దం ఎన్నడూ లేదు. చిన్న చోట పియానో, నగరంలో ఆర్గనో పూర్తి వాద్యబృందమో ఉండేవి. ఏ దృశ్యానికి ఏ రాగం ఎంతసేపు వాయించాలో సూచించే కాగితం రీళ్లతో పాటు వచ్చేది. టైటిల్ కార్డులోని మాటనే గుర్తుగా పెట్టుకుని వాయిద్యకారులు పాట మార్చేవారు. మూకీ హాళ్ల వాద్యబృందాలను నడిపిన ఎర్నో రాపీ 1924లో 52 రకాల సందర్భాలకు స్వరాలు కూర్చి పుస్తకం వేశాడు. బూర్స్ కూర్చిన సంగీతాన్ని బ్రస్సెల్స్ ఫిల్‌హార్మోనిక్ వాయించింది, అది ఆ హాళ్లలోని నిండుదనాన్ని తెచ్చింది. ఆఖరి ఘట్టంలో మాత్రం బెర్నార్డ్ హెర్మన్ 1958లో హిచ్‌కాక్ సినిమా 'వెర్టిగో'కు కూర్చిన సంగీతం వాడారు. అది గొప్ప సంగీతమే. కానీ అది తెలిసిన చెవికి ఆ నిమిషాల్లో వేరే సినిమా కనపడుతుంది, జార్జ్ కనపడడు. నాకు అది తప్పుగానే అనిపిస్తుంది.

ఇంట్లో ఒంటరిగా కూర్చుని జార్జ్ తన పాత సినిమా వేసుకు చూసే చోట తెర మీద ఆడేది నిజమైన మూకీ. 1920లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ నటించిన 'ది మార్క్ ఆఫ్ జోరో'. దగ్గరి షాట్లలో దుజార్దాన్‌ను చేర్చారు. తొంభై ఏళ్ల నాటి ముక్కా, కొత్త ముక్కా పక్కపక్కన పెడితే అతుకు కనపడకూడదు. వెలుగు, గింజ, వేగం ఏ ఒక్కటి తప్పినా అక్కడ దొరికిపోయేవారు. దొరకలేదు. పెప్పీ ఒక్కతే జార్జ్ కోటు చేతిలో తన చెయ్యి దూర్చి తనను తానే హత్తుకునే ముచ్చట, 1927 నాటి 'సెవెంత్ హెవెన్'లో జానెట్ గేనర్ కోటుతో పడ్డ ముచ్చటను గుర్తుకు తెస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో 1893లో కట్టిన బ్రాడ్‌బరీ బిల్డింగులోని మెట్ల మీద ఇద్దరూ ఎదురుపడే షాటు ఇంకా గొప్పది. అతను దిగుతుంటాడు, ఆమె ఎక్కుతుంటుంది. మధ్యలో నిలబడి మాట్లాడతారు, ఆమె ఒక మెట్టు పైన. కార్డు అక్కర లేదు.

ఇక మంట. పని పోయి, తాగుడులో పడ్డ జార్జ్ తన రీళ్లన్నిటినీ లాగి నేల మీద కుప్పపోసి అగ్గిపుల్ల గీస్తాడు. గది క్షణంలో నిప్పుల గుండం అవుతుంది. అది సినిమా అతిశయోక్తి కాదు. ఆ రోజుల ఫిల్ము నైట్రేటు. మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంది, నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది. అందుకే ప్రొజెక్టర్ గదికి రేకు గోడలు, తెర వైపు కంతలకు వేడి తగిలితే కరిగే లంకెతో వేలాడే ఇనుప తలుపులు. ఫిల్ము గేటులో ఆగిందంటే ఆర్క్ దీపం ఎదుట ఒకే ఫ్రేము నిలబడిపోతుంది. కన్ను మూసి తెరిచే లోపు మధ్యలో గోధుమ రంగు బుడగ లేచి అంటుకుంటుంది. ఆపరేటర్ చెయ్యి ఎప్పుడూ దీపం ముందు మూత మీదే ఉండాలి.

మండకుండా మిగిలినవి నిదానంగా చచ్చాయి. మొదట బొమ్మ వెలిసిపోతుంది, తరవాత ఫిల్ము జిగురై చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, తేనె లాంటి నురగ కడుతుంది, చివరికి గోధుమ రంగు పొడి మిగులుతుంది. అంతకు ముందే కుంచించుకుపోతుంది. తగ్గుదల ఒక శాతం దగ్గరకు వచ్చిందంటే యంత్రం పళ్లకు రంధ్రాలు సరిగా అందవు, లాగితే చిరుగుతుంది. చల్లగా, పొడిగా, గాలాడేలా ఉంచితే కొన్ని దశాబ్దాలు ఆగుతుంది. మూత బిగించిన డబ్బాలో పెడితే తన ఆవిరిలో తానే కుళ్లుతుంది. 1937 జులై 9న న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ కంపెనీ ఫిల్ము గోదాము అంటుకుని ఆ కంపెనీ మూకీల్లో ఎక్కువ భాగం బూడిదైంది. వెండి కోసం కరిగించినవీ, చోటు చాలక పారేసినవీ ఎన్నో. 1912 నుంచి 1929 వరకు అమెరికాలో తీసిన దాదాపు 11,000 పూర్తి నిడివి మూకీల్లో అసలు రూపంలో మిగిలినవి 14 శాతమేనని 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లెక్క తేల్చింది.

మంటల మధ్య పడిపోయిన జార్జ్ గుండెకు ఒకే రీలు హత్తుకుని ఉంటాడు. అందులో పెప్పీతో కలిసి నాట్యం చేసిన టేకులు, నవ్వు ఆపుకోలేక చెడగొట్టిన టేకులు. సినిమాకు పనికిరానివి. అవే మిగిలాయి.

ఆ నాట్యమే ఆఖర్న తిరిగొస్తుంది. దుజార్దాన్, బెజో నెలల తరబడి ట్యాప్ నాట్యం నేర్చుకుని ఆ ఘట్టం చేశారు. బూట్ల టకటక అయిపోతుంది, ఇద్దరూ కెమెరా వైపు నిలబడతారు. అప్పుడు వినపడుతుంది, ఇద్దరి ఆయాసం. 22 ఫ్రేములకు ఇక్కడ చోటు లేదు, గొంతు ఉన్న చోట 24 తప్పదు. 22తో తీసి శబ్దాన్నీ అదే వేగానికి లాగితే స్వరం హార్మోనియం మీద (నల్ల మెట్లూ కలిపి) ఒకటిన్నర మెట్టు పైకి లేచి సన్నబడుతుంది. స్టూడియో యజమాని జిమ్మర్ 'ఇంకొక్కసారి' అంటాడు. జార్జ్ మొదటిసారి నోరు తెరిచి, 'సంతోషంగా' అని జవాబిస్తాడు. రెండే మాటలు, ఫ్రెంచి యాసతో. అతను ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడనన్నాడో ఆ యాస విన్నాక తెలుస్తుంది. కెమెరా వెనక్కి జరుగుతుంది, సెట్టు మీది సందడి చెవిన పడుతుంది, మళ్లీ టేకుకు అందరూ సిద్ధమవుతుంటారు.